కంపెనీ మావయ్య

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, లేతు మిషను నడిపే మా మావయ్య కంటబడితే, 'కంపెనీ' అనే మాట పుట్టుపూర్వోత్తరాలు వినకుండా ముద్ద గొంతు దిగేది కాదు. మా మరమ్మతు షెడ్డులో మిషన్లన్నిటికంటే ముందు ఆడటం మొదలయ్యేది ఆయన నోరే. నేను ఆయన పక్క బల్ల మీద వెల్డింగ్ చేసేవాణ్ణి కాబట్టి, ఆ పాఠం నాకు నిద్రలో లేపినా అప్పగించేటంత వచ్చు.

ఎప్పుడో ఎక్కడిదో పాత లాటిన్ మాటట. 'కమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాళ్లు కంపెనీ. తర్వాత సైనికుల దండుకీ, ఆపైన వర్తకుల జట్టుకీ అదే పేరు పెట్టారట. "ఇప్పుడు గేటు మీద రేకు బోర్డుకి కూడా పెడుతున్నారు" అని ముగించేవాడు.

ఓసారి ఓనరు గదిలోకే వెళ్లి, తమరు తలుపేసుకుని ఒక్కరే తింటున్నారు కాబట్టి గేటు మీద ఆ మాట చెరిపేయిస్తే బాగుంటుందని సలహా ఇచ్చాడు. ఓనరు నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ మర్నాటి నుంచి గడియ కూడా పెట్టుకునేవాడు.

మేమూ తక్కువ తినలేదు. ఒకడు కంప్రెసర్ వెనక దాక్కుని తినేవాడు, ఇంకొకడు లారీ కింద పడుకుని. మావయ్య స్టూలు ఈడ్చుకుంటూ అక్కడికీ వచ్చేవాడు. పాలిష్ చక్రం మీదికి కొత్త మనిషి వచ్చాక ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. పాఠం అయ్యాక మా డబ్బాల్లోంచి తలా ఓ ముక్క తుంచి, తన డబ్బాలో వేసుకుపోవడం మొదలుపెట్టాడు. తిండిపోతు ముసలాడని చాటుగా అనుకునేవాళ్లం.

ఒకరోజు నా రొట్టెలో పెద్ద సగం పట్టుకుపోయాడు. ఇక ఊరుకోకూడదని వెంటపడ్డాను.

గోనెపట్టాల తెర వెనక ఆ పాలిష్ మనిషి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అతనికి ఇంకా మొదటి జీతం అందలేదు. ఒళ్లో డబ్బా ఉంది, అందులో చెంచా తప్ప ఏమీ లేదు. మావయ్య మా ముక్కలన్నీ అందులో పెట్టబోతే, అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజూ ఇదేంటి మావయ్యా? నేను అడుక్కోడానికి రాలేదు. రేపట్నుంచి పనిలోకే రాను."

మావయ్య మాట కోసం తడుముకోవడం మొదటిసారి చూశాను. చేతిలో ముక్కలు అలాగే ఉన్నాయి.

"ఇంట్లో రాత్రి ఒక్కణ్ణే తింటానయ్యా" అన్నాడు చివరికి. "ఎంతసేపని గోడకి చెప్పుకోను? ఇక్కడేమో నన్ను చూస్తే లారీ కింద దూరుతున్నారు. నువ్వొక్కడివే పారిపోకుండా కూర్చుంటున్నావు. నువ్వూ మానేస్తే నేనెవరితో తినాలి?"

పాలిష్ మనిషి అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. ఆ తర్వాత కొంచెం పక్కకి జరిగి, గోనె మీద చోటిచ్చాడు.

"సరే, కూర్చో. చెప్పు."

నేను వెనక్కి వెళ్లాను. మిగిలిన సగం రొట్టెతో నా డబ్బా తెచ్చుకుని, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాను.

"మావయ్యా, మొదట్నుంచి చెప్పు" అన్నాను. "నేను సరిగ్గా వినలేదు."