నేను చేసిన తొలి క్షౌరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సొరకాయ పొయ్యి మీదికి పోయే ముందు నా చేతికి వచ్చేది. లేత సొరకాయ మీద సన్నటి నూగు ఉంటుంది. దానికి సబ్బు నురగ పట్టించి, తొక్క మీద గీత పడకుండా కత్తితో ఆ నూగు తీయాలి. గీత పడితే అక్కడ చిన్న నీటి చుక్క ఊరుతుంది. మా తాత ఆ చుక్కను చూసి కోప్పడేవాడు కాదు. "దానికి నొప్పైంది సూడు బిడ్డా" అని మాత్రం అనేవాడు. ఆ మాటకు నాకు సొరకాయ మీద కూడా జాలి పుట్టేది.

మాది గూడూరు. మా తాత, అంటే మా అమ్మ తండ్రి, క్షౌరం చేసేవాడు. పొద్దున్నే కత్తి, కత్తెర, దువ్వెన, పటిక ముక్క పెట్టుకున్న తోలు సంచి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మా అమ్మానాన్నలు జనగామలో పనికి కుదిరినందువల్ల నేను తాత దగ్గరే పెరిగాను. ఆయనకు కొడుకులు లేరు గనుక మనవరాలికి నేర్పాడని ఊళ్లో అనుకునేవారు. నిజానికి నేనే వెంటబడ్డాను. ఆయన కత్తిని తోలుపట్టీ మీద సానబెడుతుంటే వచ్చే చప్పుడు విన్నప్పుడల్లా నా చేతులు ఊరుకునేవి కావు.

తాత పాఠాలు కత్తితో మొదలు కాలేదు. చేతులు కడుక్కోవడంతో మొదలయ్యాయి. తర్వాత పనిముట్లు మరిగే నీళ్లలో వేసి తీయడం. ఆ తర్వాత ఎడమ చెయ్యి. కుడి చేతిలో కత్తి ఉంటుంది సరే, చర్మాన్ని సాగదీసి పట్టేది ఎడమ చెయ్యే, అది సరిగా పట్టకపోతే ఎంత మంచి కత్తి అయినా కోస్తుందని చెప్పేవాడు. తన తల నా ముందు వంచి, కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ వెంట్రుకలు ఏ వైపు పడుకున్నాయో, సుడి ఎక్కడుందో చెప్పమనేవాడు. కత్తి చక్కగా నడిచే చప్పుడు వేరు, తప్పుగా నడిచే చప్పుడు వేరు అని చెవికి కూడా నేర్పాడు. నాకు చేతినిండా పనే, మనిషి మీద మాత్రం కత్తి పెట్టనిచ్చేవాడు కాదు.

అమ్మమ్మకు ఇదంతా నచ్చలేదు. "ఆడపిల్లకు గీ కత్తేందయ్యా? రేపు అత్తగారింట్ల ఎవలి గడ్డం గీస్తది?" అని సణిగేది. తాత నవ్వి మళ్లీ కత్తి సానబెట్టుకునేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా పక్కింటి అక్కకు విషజ్వరం వచ్చింది. అక్కకు కొత్తగా పెళ్లయింది. జ్వరంతో పుట్టింటికి వచ్చి వారాల తరబడి మంచం దిగలేదు. చివరికి జ్వరమైతే తగ్గింది గానీ, దువ్వెన తగలని జుట్టంతా ముద్ద కట్టింది. దాని కింద పుండ్లు లేచాయి. జుట్టు మొత్తం తీసేస్తే తప్ప మందు పట్టదని, ఆలస్యం చేస్తే చీము లోపలికి దిగుతుందని దవాఖానలో చెప్పారు. అక్క ఒప్పుకోలేదు. నెత్తి మీద మగవాళ్ల చెయ్యి పడనివ్వనని ఒకటే ఏడుపు. ఈ అవతారం చూస్తే అత్తవారు మళ్లీ గడప తొక్కనిస్తారో లేదోనన్న భయం దానికి తోడు. వాళ్లమ్మ కత్తెర పట్టుకుని దగ్గరికి పోయింది, పుండ్లు చూసి వెనక్కి వచ్చింది.

ఆమె మా వాకిట్లోకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "నువ్వు లోపలికొస్తే సస్తనంటాందే పెద్దయ్యా. ఎట్ల చేసుడు?" అని తాతను అడిగింది. తాత నా వైపు చూశాడు.

అమ్మమ్మ గొడవ పెట్టుకుంది. సొరకాయలు గీకిన పిల్లను రోగం మనిషి మీదికి తోలుతావా అని తాతను నిలదీసింది. ఆమె మాటలో న్యాయం ఉందని నాకు కూడా అనిపించింది. తాత నన్ను పీట మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. ఒక్క మాట చెప్పకుండా నా మెడ వెనక చల్లటి ఇనుము ఆనించాడు. ఒళ్లంతా బిగుసుకుపోయింది. కళ్లు తెరిచి చూస్తే ఆయన చేతిలో ఉన్నది కత్తి కాదు, దువ్వెన. ఇనుప దువ్వెన వెనక వైపు.

"భయమైందా?" అన్నాడు. తల ఊపాను. "నేను నీ తాతను. నా మీదనే నీకు గంత భయమైంది. ఆ పిల్లకెంతుండాలె? చెప్పకుండ చెయ్యి పెట్టకు. చెప్పినంకనే పెట్టు. గంతే."

పక్కింటికి పోయాం. తాత అక్కకు వినబడేటట్టు, తను లోపలికి రానని, గడప బయట అటు తిరిగి కూర్చుంటానని చెప్పాడు. అన్నట్టే వాకిలి వైపు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల అక్క మంచం అంచున తలకు కొంగు చుట్టుకుని ఉంది. నన్ను చూసి, "నువ్వా చెల్లె?" అంది. ఆ గొంతులో కొంచెం నవ్వు, ఎక్కువ నీరసం. కొంగు తనే తీసింది.

వేపాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా అయ్యాక ముద్దకట్టిన జుట్టును తడిపాను. "అక్కా, ఇప్పుడు ఎడమ పక్క కత్తెర పెడుతున్న" అని చెప్పి పెట్టాను. ముద్దలు ముద్దలుగా జుట్టు ఒళ్లో పడుతుంటే అక్క చూడలేక కళ్లు మూసుకుంది. వాళ్లమ్మ ఆ జుట్టును ఎప్పటికప్పుడు తీసి చాటలో వేసింది. అంతవరకు బాగానే ఉంది. నురగ పట్టించి కత్తి ఆనించాక మాత్రం నాకు సొరకాయకూ మనిషికీ ఉన్న తేడా తెలిసింది. తల వెచ్చగా ఉంది. లోపల నాడి కొట్టుకుంటోంది. చెవి వెనక ఒక పుండు పక్కకు రాగానే అక్క "అమ్మా" అంది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"తాతా, నాతోని కాదు. నువ్వు రా" అని ఏడుపు గొంతుతో పిలిచాను.

బయట అలికిడి లేదు. నేను మళ్లీ పిలిచాను. అప్పుడు తాత అటు తిరిగే, నింపాదిగా అన్నాడు: "కత్తి పక్కకు పెట్టు. నీళ్లు తాగు. కత్తి గరగరమన్నది, నాకు ఇనబడ్డది. కత్తిని నిలబెట్టినవ్, జర పండవెట్టు. పుండు మీదికి పోకు, చుట్టు తిరిగి రా."

నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నాలుగడుగుల దూరంలో కూర్చుని కూడా రాడేమిటి అనుకున్నాను. కానీ నీళ్లు తాగాను. కత్తి తుడిచాను. అక్కే నా మోకాలి మీద చెయ్యి వేసి, "కానియ్యి చెల్లె, ఓర్సుకుంట" అంది. అక్కకు చెప్పి, కత్తిని వాల్చి, చర్మం సాగదీసి పట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చప్పుడు మారింది. బయట నుంచి తాత మరి మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

పూర్తయ్యాక పుండ్లకు మందు రాశాం. అక్క అద్దం అడిగింది. వాళ్లమ్మ వద్దంది గానీ నేను ఇచ్చాను. అక్క చాలాసేపు చూసుకుంది. నెత్తి మీద మెల్లగా చెయ్యి తిప్పుకుంది. "అచ్చం మా తమ్ముని లెక్కున్న" అని పకపకా నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఎన్నో వారాల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వది. చవితి పోయాక అక్క భర్త వచ్చాడు. ఆమె తలకు కొంగు కప్పుకుంటే, గాలి తగలనియ్యమని ఆయనే తీసేశాడట. బతుకమ్మ నాటికి అక్క తల మీద వేలి కణుపంత జుట్టు వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి. ఒక బంతిపువ్వును దారంతో తలకు కట్టుకుని వచ్చి మరీ ఆడింది.

క్షౌరం చేసిన ఆ రోజు ఇంటికి పోతూ తాతను అడిగాను, పిలిస్తే ఎందుకు రాలేదని. ఇంటి ముందుకు వచ్చాక అన్నాడు: "నేనొస్తే ఆ పిల్లకిచ్చిన మాట పోతుండె. ఇగ నువ్వు కత్తి వట్టినప్పుడల్లా ఎనక్కి మర్లి నా కోసమే సూద్దువు." తర్వాత సంచి నా చేతికిచ్చి పీట మీద కూర్చుని గడ్డం ఎత్తాడు. మా తాత గడ్డం అప్పటిదాకా వేరే ఎవరూ ముట్టుకోలేదు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి పోయి వేణ్ణీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మానుకోటలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఈ పని నేర్పుతున్నాను. మిషన్లు వచ్చాయి, తిరిగే కుర్చీలు వచ్చాయి, ఒక్కరికి వాడి పారేసే బ్లేడ్లు వచ్చాయి. క్యాన్సర్ మందులకు జుట్టు రాలుతున్న ఆడవాళ్లు కబురు పెడితే నేర్చుకునే పిల్లలను వెంటబెట్టుకుని వాళ్ల ఇళ్లకే పోతాం. మొన్న గంగారం నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి అలాంటి ఒక తల్లి ముందు నిలబడి, కత్తి ఆనించి, బిగుసుకుపోయి నా వైపు చూసింది. నా చేతులు ఆ కత్తి అందుకోవాలని ఎంత తహతహలాడాయో నాకే తెలుసు. తాతకు కూడా ఆనాడు అట్లాగే ఉండి ఉంటుంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నది తీరిక ఉండి కాదని నాకు అర్థమవడానికి ఇంత వయసు కావలసి వచ్చింది.

నేను లేవలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి గొంతు మెల్లగా వినబడింది: "అమ్మా, ఇప్పుడు నీ చెవి పక్కన చెయ్యి పెడుతున్న."