రాయి వేయని సీసా

ఆవిడను అందరూ సీసాలక్క అనేవారు. కాలేజీ ప్రయోగశాలలో సీసాలు కడిగి, ఉడికించి, మూతలు బిగించే ఉద్యోగం.

భూమి మీద కాక మరెక్కడైనా ప్రాణి ఉందా అని వెతికేవాళ్ళు ఒకచోట దొరకరు. ఒకరు రాళ్ళు చూస్తారు, ఒకరు నక్షత్రాలు, ఇంకొకరు క్రిములు. పక్కగదివాడి గోల ఎవరికీ పట్టదు. ఆ మాటకొస్తే ఒకే ఇంట్లో అన్నదమ్ములకే పట్టదు, అది వేరే సంగతి. అలాంటి ఇరవైమందిని ఫోన్లు చేసి, బతిమాలి, పన్నెండేళ్ళుగా నెలకో శనివారం ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది ఈవిడే.

వాళ్ళు ఉప్పుగని అడుగునుంచి ఎండ ఎరగని రాయి తెచ్చారు. అందులో ఏదైనా బతుకుతుంటే అంగారకుడి రాళ్ళలోనూ బతకవచ్చునని ఆశ. రాతిపొడి వేసిన సీసాలో క్రిములు పెరిగాయి. ఇక సంబరమే. ఇరవై పేర్లతో వ్యాసం పంపారు, పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు.

ఈ పనిలో ఒక నియమం ఉంది. రాయి వేయని సీసా ఒకటి కూడా గనిలోకి తీసుకెళ్ళి, మూత తీసి, బిగించి తేవాలి. ముందుగా దాన్నే చూడాలి. అందులోనూ పెరిగితే ఆ క్రిములు మన చేతులవే. సంబరంలో ఆ సీసా మాట అందరూ మరిచారు. మూడోవారం సీసాలక్క చూసింది. అవే క్రిములు.

వెళ్ళి రాళ్ళ మాస్టారికి చెప్పింది.

"ఇంకెవరైనా చూశారా?"

"నేను చూశాగా."

"అక్కా, ఇది బయటపడితే ఆ బల్ల దగ్గర నువ్వూ కుర్చీలే మిగిలేది."

"ఊఁ."

"ఊఁ ఏంటమ్మా? ఏడుపైనా రాదా నీకు?"

"రావట్లేదు మాస్టారూ. నిన్నట్నుంచీ చూస్తున్నా."

శనివారం నిలబడి రెండు ముక్కల్లో చెప్పేసింది.

"సీసాలు ఉడికించింది ఎవరు?" అన్నాడు నక్షత్రాలాయన.

"నేనే."

"బాగుంది. గిన్నెలు తోమేవాళ్ళ చేతిలో పెట్టాం సైన్సుని!"

ఆవిడ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామన్న ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఫోను వచ్చిందని ఒకరు, బస్సు టైమైందని ఒకరు లేచారు. రాళ్ళ మాస్టారు కలం అందుకున్నాడు.

"పైన నీ పేరు రాయి."

"వ్యాసంలో నా పేరే లేదుగా."

"తప్పు నీదని కాదమ్మా, చూసింది నువ్వని."

ఆవిడ రాసింది. ఆమెతో కలిపి ఆరు సంతకాలయ్యాయి. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, వచ్చే నెలకు ఆరు కుర్చీలు వేయమని ప్యూనుకు చెప్పింది.