కుట్టే లెక్క, విప్పే లెక్క

కార్ఖానా బస్తీలోని తన కుట్టు దుకాణంలో లతీఫున్నీసా కుట్టిన జాకెట్టు చిరగొచ్చు గానీ కుట్టు ఊడదు. ఇంకొకరు కుట్టింది కంటపడితే మాత్రం ఆమె చెయ్యి ఊరుకోదు. చిన్న కత్తెర తీసి విప్పేస్తుంది. కోడలు షాగుఫ్తాను ఇన్నాళ్లూ సొంతంగా పని ఒప్పుకోనివ్వలేదు కూడా.

ఆ మధ్యాహ్నం అత్త నమాజులో ఉండగా కల్పలత వచ్చింది. తనకూ చెల్లెళ్లకూ మూడు జాకెట్లు కావాలి. రాత్రికే బోయిన్‌పల్లిలో పెళ్లి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి చదువుతున్న షాగుఫ్తా, సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేసింది. మూడూ తనొక్కతే కుడితే ఆరు గంటలు, అత్త ఒక్కతే కుడితే మూడు. ఇద్దరూ కలిస్తే x గంటలనుకుంటే, x/6 + x/3 = 1. x విలువ రెండు.

"నాలుగింటికి రండక్కా, పక్కా!" అంది.

తన నోటితో ఒప్పుకున్న మొదటి పని. ఇది తప్పితే మళ్లీ కాజాలూ హుక్కులే గతి.

రెండింటికి ఇద్దరూ మిషన్లెక్కారు. గంట గడిచేసరికి అత్త ఒక జాకెట్టు దాదాపు ముగించింది. షాగుఫ్తా సగం కుట్టి పక్కన పెట్టింది. తిరిగి చూస్తే అది మళ్లీ ముక్కలై ఉంది.

"ఏందత్తమ్మా గిది?"

"చంక కాడ కుట్టు జారుతున్నది. పెళ్లిల చెయ్యెత్తి అక్షింతలెయ్యాలె కదనే!"

షాగుఫ్తా సుద్ద అందుకుంది. తను కుట్టేది x/6, అత్త విప్పేది x/6. రెండూ కొట్టేసింది. మిగిలింది x/3. x మూడు. అంటే తను ఇంట్లో పడుకున్నా అదే టైము.

"ఏమొచ్చింది?" అంది అత్త.

"నేను సున్నా అని వచ్చింది."

"లెక్క మంచిగనే చేసినవ్."

షాగుఫ్తా లేచి ఆమె పక్కన నిలబడింది. "ఎట్ల కుట్టాల్నో చూపియ్."

"గుడ్డను గుంజకు, మిషనే తీస్కుంటది. వంపు కాడ జెర ఆగి, ఇంకో కుట్టెయ్."

షాగుఫ్తా అలాగే కుట్టి ఇచ్చింది. అత్త కత్తెర తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, వేలాడుతున్న దారం మాత్రం తెంపింది.

నాలుగింటికి కల్పలత ఆటో దిగింది. ఒక జాకెట్టు ఇంకా మిషను మీదే ఉంది.

"పక్కా అంటివి కదమ్మా!"

"అంటినక్కా. విప్పుడు లెక్కల రాయలే."

లతీఫున్నీసా కల్పలత చేతికి సూది ఇచ్చింది. "కూసో బిడ్డా, హుక్కులు నువ్వెయ్. ముగ్గురమైతే ఇంకా జల్దీ."

"పెళ్లికి తయారయ్యే టైముల గిదేం తక్లీఫు!" అని గొణుక్కుంటూనే కుట్టింది కల్పలత.

అరగంట తర్వాత కల్పలత, షాగుఫ్తా కుట్టిన జాకెట్టు తొడుక్కుని పరదా వెనక నుంచి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. కుట్టు కదల్లేదు.

"వచ్చే నెల మా మరదలి సీమంతం. ఇంకో ఐదు జాకెట్లున్నయ్. ఎప్పటికిస్తవ్?"

అడిగింది షాగుఫ్తాను. షాగుఫ్తా అత్త వైపు చూసింది.

"నా మొకం చూస్తవేందే? గిరాకీ నీది," అంది లతీఫున్నీసా, మిషనుకు గుడ్డ కప్పుతూ.