రికార్డు గదికి ఒకటే నిచ్చెన

నా నోట నిజం రావడం మా ఊళ్లో అరుదు. ఈ ఒక్కదానికి మాత్రం రంగులు పూయడానికి నాకు మనసొప్పదు.

అరవైల్లో ఒక కరువేడాది. దేవరకొండ తాలూకా కచ్చేరిలో ఏ భూమి ఎవరిదో రాసిన పాత పహాణీలన్నీ ఎర్రగుడ్డ మూటల్లో కప్పుదాకా పేర్చి ఉండేవి. వాటికి ఒకటే నిచ్చెన, ఒక్కడే రికార్డు కీపరు. కాగితాలు కలిసిపోతాయని, విప్పిన మూటను మళ్లీ కట్టి పైన పెట్టేదాకా రెండోది విప్పకూడదని నియమం.

మా బాపు తవ్వించిన బావి తనదని దాయాది దావా వేశాడు. పహాణీ నకలు చూపడానికి ఆఖరి వాయిదా మరునాడే. ఆ బావి పోతే చేనూ, గొర్ల మందా పోయినట్టే. బాపూ నేనూ పొద్దున్నే కచ్చేరికి చేరాం.

మాకంటే ముందే జిల్లా నుంచి జీపు వచ్చింది. తాలూకాలోని చెరువులన్నిటి కాగితాలు ఆ రోజే కావాలట. రికార్డు కీపరు నిచ్చెన దిగడం లేదు. గుమాస్తాలు కలాలు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. వరండాలో ఒక ముసలాయన గడ్డం నా కళ్లముందే పెరిగిందంటే మీరు నమ్మరు, పోనీండి.

నాకు ఓపిక తక్కువ. కిటికీలోంచి, "తాసిల్దారు సాబు మా ఊరి మూట అడుగుతుండు, జర జల్దీ తీయి" అని అబద్ధమాడాను. పాపం, అతను చేతిలోది కట్టి, నిచ్చెన జరిపి, మా మూట దించి ముడి విప్పాడు. వరుసలో నా వెనకాయన అంతా చూస్తున్నాడు. ఆయనా తన ఊరి మూట కోసం అదే మాటన్నాడు. తర్వాత ఇంకొకాయన. నాలుగు కాగితాలు తిరగేయకముందే మా మూట మళ్లీ పైకెక్కింది. మధ్యమధ్య జీపువాళ్ల గద్దింపు. కట్టడం, ఎక్కడం, దిగడం, విప్పడంతోనే అతనికి పొద్దు గడిచింది. ఏ కాగితమూ ఎవరి చేతికీ రాలేదు. జీపు కూడా సగం పనితోనే పోయింది.

తాళం వేస్తూ అతను నా వైపు చూశాడు. "నువ్వు ఊకుంటే పన్నెండింటికే జీపు పని ఒడుస్తుండె తమ్మీ. గప్పుడు నీదే తీస్తుంటి."

దారిలో బాపు ఒక్కటే అడిగాడు. "గా అబద్ధం నీ ఒక్కనికే వస్తదనుకున్నవా రా?"

మరునాడు ఉత్త చేతులతో నిలబడ్డాం. బావి దాయాదిదయింది. దసరాలోపు గొర్లూ పోయాయి. బాపు కేతేపల్లి వైపు కూలికి పోయేవాడు. అక్కడివాళ్లు అడిగితే బావి ఎండిందనీ, అందుకే వదిలేశామనీ చెప్పేవాడు. నా పేరు ఎత్తేవాడు కాదు.