మీది అర్ర చెక్క నేల

ఆలేరులో మేము కొన్న పాత ఇంట్లోనే మా అమ్మ చిన్నప్పటి నుంచి పనిచేసింది. వాకిలి ఊడ్చింది, గిన్నెలు తోమింది, బకెట్లకు బకెట్లు నీళ్లు పోసి బండలు కడిగింది. మేడ మీది అర్రలోకి, ఆ పై గదిలోకి మాత్రం ఆ ఇంటి దొరలు ఆమెను ఎన్నడూ రానివ్వలేదు. ఆ గదికి టేకు చెక్కల నేల ఉందని కింద నుంచి దూలాల మధ్య చూసి తెలుసుకోవడమే. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆ ఇల్లు అమ్మకానికి వచ్చింది. బడిలో పాఠాలు చెప్పుకునే నేను, మా ఆయన కలిసి కొన్నాం. ఆ గది అమ్మదేనని సంతకాలు కాకముందే నేను తేల్చేశాను.

తలుపు తీయగానే సగం ఉత్సాహం చచ్చింది. నేలకు ఎవరో ఎర్ర రంగు పూశారు. అదంతా పెచ్చులు లేచింది. సందుల నిండా దుమ్ము, గబ్బిలాల పెంట. మా ఆయన చెప్పుకాలితో ఒక చెక్కను తట్టి చూశాడు.

"గివన్నీ పీకేసి టైల్స్ ఏపిద్దాం. నీకెందుకు గీ తిప్పలు?"

"మా అమ్మను రానియ్యంది గీ చెక్కల మీదికే. టైల్స్ మీదికి కాదు."

ఆయన పోయి సుత్తి తెచ్చి నా చేతికిచ్చాడు.

వేసవి సెలవులన్నీ ఆ గదికే పోయాయి. పైకి లేచిన మేకులను దిగ్గొట్టాను. భువనగిరి నుంచి రేగుమాల్ గరుకు కాగితం కట్టలు తెచ్చి ఎర్ర రంగంతా రుద్ది తీశాను. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, చెక్క చార వెంటే చేయి పోవాలి. మోకాళ్లు కాయలు కాచాక మా ఆయన రుద్దే మిషన్ కిరాయికి తెచ్చాడు. పంతం నాదే గానీ నడుము కూడా నాదే కదా, వద్దనలేదు. రంపపు పొట్టు జిగురులో కలిపి సందులు పూడ్చాను. వార్నిష్ వేసేసరికి చెక్క బెల్లం రంగుకు తిరిగింది. సంతోషంతో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

గృహప్రవేశానికి పాస్టరుగారితో పెట్టించుకున్న ఇంటి ప్రార్థన నాడు పొద్దున నేను పూల కోసం బజారుకు పోయాను. తిరిగి వచ్చేసరికి వంటింట్లో పైనుంచి నీళ్లు కారుతున్నాయి. పరుగున మెట్లెక్కాను. అమ్మ చీర ఎగదోపుకుని, చీపురు పట్టుకుని, ఆ గది కడుగుతోంది. సరిగా ఆరని వార్నిష్ తెల్లగా పాలిపోయింది.

"ఏం జేసినవమ్మా! చెక్కను కడుగుతరా ఎవలన్న?" అని అరిచాను.

"ప్రార్థనకు అందరొస్తరు గద బిడ్డా. కడగని ఇంట్ల ఎట్ల కూసుంటరు?" అంది. తర్వాత నేల వైపు చూసింది. "గందుకేనేమో, నన్ను మీదికి రానియ్యకపోయిరి."

బకెట్ తీసుకుని కిందికి దిగిపోయింది. ప్రార్థన కిందే జరిగింది. ఆ తర్వాత ఎంత పిలిచినా అమ్మ మెట్లెక్కలేదు.

కిటికీలు తెరిచి, చెక్కలు లోపలి దాకా ఆరే వరకు ఓపిక పట్టాను. వార్నిష్ అంతా మళ్లీ రుద్దేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను. బడి తెరిచారు. సాయంత్రాలు రుద్దాను, ఆదివారాలు రుద్దాను. ఒక పూత పూర్తిగా ఆరితే గానీ ఇంకో పూత వేయలేదు. ఈ నేల మళ్లీ బాగుపడకపోతే, తనను పైకి రానివ్వకపోవడమే న్యాయమని అమ్మ అనుకుంటుంది. అది నేను జరగనివ్వను.

అంతా ఆరాక అమ్మ చేయి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. రెండో చేతిలో చీపురు తెచ్చుకుంది. దాన్ని తీసి గుమ్మం బయట పెట్టాను.

"దీన్ని కడగొద్దు. పొడిబట్టతోని తుడిస్తె చాలు. అది గూడ నేనే తుడుస్త."

అమ్మ ఖాళీ చేతులు చూసుకుంది. "మరి నేనేం జెయ్యాలె గీడ?"

"కూసో."

కొంగుతో అరికాళ్లు తుడుచుకుని గుమ్మం పక్కనే ఒదిగి కూర్చుంది.

"గాడ కాదమ్మా, నడుమల."

నా ముఖం వైపు ఒకసారి చూసి లేచింది. గది నడుమకు పోయి, కాళ్లు చాపుకుని కూర్చుంది.