అన్న గిటారులో మోత

నరాల జబ్బుతో అన్న పోయిన నెలకు, అతని ఎలక్ట్రిక్ గిటారునూ స్పీకరు పెట్టెనూ వదిన యాప్రాల్‌లోని మా ఇంటికి పంపించింది. శామీర్‌పేట దారి ఫంక్షన్ హాళ్లలో ఏళ్ల తరబడి పెళ్లిళ్లకు వాయించిన గిటారు అది.

స్విచ్ వేయగానే గుయ్యిమని మోత. తీగల మీద చెయ్యి ఆనిస్తే తగ్గేది, తీస్తే మళ్లీ లేచేది. నా చెయ్యి తగలగానే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు. కిటికీ వైపు తిరిగి కూర్చుంటే దాదాపు వినిపించదు. గోడ వైపు తిరిగితే గదంతా అదే. పట్టపగలే నాకు ఒళ్లు జలదరించింది.

ఎలాగైనా ఆ మోతను వదిలించుకోవాలనుకున్నాను. తీగల కింద పికప్ ఉంటుంది. సన్నటి రాగితీగ చుట్ట, దాని అడుగున రెండు అయస్కాంతపు పట్టీలు. అన్న గిటారులోవి అల్నికో అనే మిశ్రలోహపు పట్టీలు. సెరామిక్‌వి వేస్తే మోత పోతుందని ఎక్కడో చదివి, తెప్పించి, మరలు విప్పి నేనే మార్చాను.

మోత అలాగే ఉంది. గిటారు గొంతు మాత్రం పోయింది. మీటితే స్టీలు గిన్నెకు గరిట తగిలినట్టు పదునుగా మోగింది. అన్నను నా చేతులతోనే చెరిపేశాననిపించి ఏడ్చాను.

మచ్చ బొల్లారంలో స్పీకర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి గిటారునూ పెట్టెనూ తీసుకెళ్లాను. ఒక్క తీగ మీటి చూసి, "ఏం జేసినవమ్మా దీన్ని?" అన్నాడు. చెప్పాను.

"అయస్కాంతం మారిస్తే గొంతు మారుతది. మోతెందుకు పోతది? గోడలల్ల కరెంటు వైర్లుంటయి గద, వాటి గుయ్యిని గీ రాగిచుట్ట పడ్తది. అది పోవాల్నంటే ఉల్టా చుట్టిన ఇంకో చుట్ట ఉండాలె. పాత పట్టీలు పారేసినవా ఏంది?"

పారేయలేదు. ఆయనే వాటిని మళ్లీ ముందున్నట్టే అమర్చి మీటాడు. అన్న గొంతు తిరిగొచ్చింది.

అటునుంచటే మేడ్చల్‌లో వదిన ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. "ఒకపారి పెట్టు, వింట" అంది. స్విచ్ వేశాను. మోత లేచింది. మీటబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు, గట్లనే ఉండనియ్యి. ఆఖర్ల ఆర్నెల్లు మీ అన్న వాయించనే లేదు. వేళ్లు వంగలే. స్విచ్ ఏసుకొని ఊకె కూసునేటోడు. నీకు జెప్పొద్దన్నడు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆర్నెల్లూ అన్నకు ఎప్పుడు ఫోన్ చేసినా వెనక ఆ మోత వినిపించేది. వాయించుకోబోతున్నాడనుకుని, "సరే అన్నా, మళ్ల చేస్త" అని పెట్టేసేదాన్ని. అన్న ఒక్కసారి కూడా ఆగమనలేదు.

గిటారు వదిన దగ్గరే వదిలి వచ్చాను. ఇప్పుడు వదినకు ఫోన్ చేస్తే కొన్నిసార్లు వెనక ఆ మోత ఉంటుంది. నేను ఫోన్ పెట్టేయను.