పేరు రాయమన్న పెన్సిలు

ఈ ఉదయం దీపారాధనకు వత్తుల కోసం సొరుగు లాగితే ఏలకుల వాసన వచ్చింది. వత్తుల పొట్లం వెనక బొటనవేలంత పెన్సిలు ముక్క. అది ఈ పరాయి దేశంలో మేముంటున్న మౌంట్ రాస్కిల్‌లో మా పక్కింట్లో ఉండిన ముంతాజ్ ఆంటీది. ఆవిడ పెన్సిళ్ళను ఖాళీ అయిన ఏలకుల డబ్బాలో దాచేవారు. ఇప్పుడు దక్షిణాన దూరంగా డునెడిన్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు.

ఆంటీది కడప. ఇక్కడే మాంసం ఎగుమతి చేసే ఆఫీసులో ఇరవై ఏళ్ళు విదేశీ కొనుగోలుదారులకు ఉత్తరాలు రాసి రిటైరయ్యారు. నేను బడి మొహం చూడలేదు. అమ్మ వంటింట్లో దిద్దించిన తెలుగు, నాన్న నేర్పిన కాస్త ఇంగ్లీషు, అంతే నా చదువు. ఇక్కడి పేపరు చదవడం ఆంటీయే నేర్పారు. నా పూజ అయ్యాక రోజూ వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆవిడ పద్ధతి ఒకటే. ఒక వర్గం జనాన్నంతా కలిపి ఏదైనా అన్నచోట, పైన పెన్సిలుతో తెలిసిన మనిషి పేరు రాసి మళ్ళీ చదవాలి. ఒకసారి ‘ఇండియన్లు మన ఉద్యోగాలు లాక్కుంటున్నారు’ అని వచ్చింది.

“మీ ఆయన పేరు పెట్టుమ్మే.”

“ఆయన పేరు నేను పలకను ఆంటీ.”

“పలకొద్దులే, రాయి. నేను చదువుతా. ‘శ్రీనివాస్ మన ఉద్యోగాలు లాక్కుంటున్నాడు.’ ఎట్లుంది?”

“ఆయన మా పిల్లల దగ్గర టీవీ రిమోటే లాక్కోలేరు!”

ఆ రోజు నవ్వీ నవ్వీ టీ చల్లారబెట్టుకున్నాం.

తర్వాత ఇక్కడ ఎన్నికలొచ్చాయి. ఒక నాయకుడు సభలో, ముస్లింలు ఈ దేశాన్ని ఆక్రమిస్తున్నారని ఎగతాళిగా మాట్లాడాడు. ఆ వీడియో మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కూర తిప్పుతూ, సగం విని, అందరితోపాటు నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను. గోంగూర పచ్చడి నేర్పిస్తారని ఆంటీని ఆ గ్రూపులో చేర్చింది నేనే. మర్నాడు ఆవిడ నాకు టీ పోసి ఇచ్చారు. ఎప్పటిలాగే పేపరు విప్పారు.

కొన్ని వారాలకు గల్ఫ్ దేశం ఒకటి ఆ ప్రసంగానికి నిరసన తెలిపి, ఇక్కడి ప్రభుత్వంతో జరగాల్సిన వ్యాపార చర్చలు ఆపేసింది. వాళ్ళ మాంసం కొనుగోలుదారులు రావడం మానుకున్నారు. మా ఆయన పాపకూర అనే ఊరికి అవతల మాంసం ఫ్యాక్టరీలో, కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తారు. ఆయన చేసే రెండో షిఫ్టు తీసేస్తామన్నారు. ఆ ఉద్యోగం పోతే ఇక్కడ స్థిరపడటానికి పెట్టుకున్న మా రెసిడెన్సీ దరఖాస్తు కూడా పోయినట్టే. ఏడుస్తూ ఆంటీ దగ్గరికే పరుగెత్తాను.

“ఎన్నికల సభలో ఎవడో ఏదో అంటే మాకెందుకు తగిలింది ఆంటీ?”

“ఇరవై ఏండ్లు ఆ ఉత్తరాలు రాసినా. కొనేటోళ్ళు ముందు ధర అడగరుమ్మే. మీ దేశంలో మావోళ్ళు ఎట్లుండారని అడుగుతారు. బాగుండారని రాస్తాంటి. ఇప్పుడు ఆ కుర్చీలో ఉండేటోళ్ళు ఏం రాయాల?”

“ఆ వీడియోకి నేను చప్పట్లు పెట్టాను.”

“చూసినాలే. నువ్వే చెప్తావని కాసుకోనుండా.”

డబ్బా తెరిచి పెన్సిలు నా చేతికిచ్చారు. ఆ ప్రసంగం కాగితం మీద రాశాను. ‘ముస్లింలు’ అన్నచోట ‘ముంతాజ్’ అని పెట్టాను. ‘ముంతాజ్ ఈ దేశాన్ని ఆక్రమిస్తోంది.’ పెన్సిలు కింద పెట్టేశాను.

“నిమ్మచెట్టుకు నీళ్ళు పొయ్యనీకే నడుము పట్టేస్తాంది. దేశం యాడ ఆక్రమించేదమ్మే?” అన్నారు ఆవిడే.

ఆ కాగితాన్నే ఉత్తరం చేశాం. ఆ నాయకుడి పార్టీకే చెందిన మా ఎంపీ మా పేట లైబ్రరీలో జనాన్ని కలిసే రోజున, గ్రూపులోని మరో ఆరుగురితో కలిసి వెళ్ళి, చదివి వినిపించాను. ఆయన ఉత్తరం అడిగి తీసుకున్నాడు. వారం తిరక్కముందే తమ నాయకుడి మాట తప్పని పేపర్లో చెప్పాడు. మా ఉత్తరం వల్లేనని అనను. దేశమంతటా ఎందరో నోరు విప్పారు. చర్చలు మళ్ళీ మొదలయ్యాయి, రెండో షిఫ్టు నిలిచింది. ఫ్యాక్టరీ చూడ్డానికి గల్ఫ్ నుంచి వచ్చిన పెద్దమనిషి ముందుగా పనివాళ్ళ నమాజు గది ఎక్కడని అడిగాడట. మా ఆయనే తీసుకెళ్ళి చూపించారు. ఆ రాత్రి దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో!

ఈ ఉదయం దీపం పెట్టి ఫోను చూస్తే, గ్రూపులో అలాంటిదే మరో వీడియో. పెన్సిలు ముక్క పక్కన పెట్టుకుని ఇలా రాశాను: “గోంగూర పచ్చడి నేర్చుకున్న అందరికీ మనవి. ఇందులో ముంతాజ్ ఆంటీ పేరు పెట్టుకుని మళ్ళీ వినండి.”

తర్వాత ఒకామె తను పెట్టిన చప్పట్లు తీసేసింది. ఆ వెనకే ఇంకొకరు. చివరికి డునెడిన్ నుంచి ఆంటీ: “ఏమ్మే లలితా, పెన్సిలు ఇంకా ఉందా? అరిగిపోయుంటే చెప్పు, ఇంకోటి పంపిస్తా.”